గోలు తక్కువ, గోల ఎక్కువ

మ్యాచ్ మూడింటికి. ముఖ్య అతిథి నాలుగున్నరకు దయచేశారు.

సూరత్ వరాఛాలో కాలేజీ కుర్రాళ్లు ఫుట్‌బాల్ ఆడటమే ఒక వింత. ఇది వజ్రాల పేట. మినీ బజారులో కాగితపు పొట్లాల్లో లక్షలు చేతులు మారతాయి. సందుకో బాక్స్ క్రికెట్ వల కనిపిస్తుంది. సాయంత్రం ఆరింటికి ఒక గోలుపోస్టు కావాలంటే మాత్రం దొరకదు. అందుకే మా కుర్రాళ్లు రాత్రి పదకొండు దాటాక, అద్దె తగ్గాక, చందాలేసుకుని ఆ క్రికెట్ వలలోనే సాధన చేశారు. జట్టులో ముగ్గురు లింబాయత్ తెలుగు పిల్లలు. సాంచాలు, అంటే మరమగ్గాలు, నడపడానికి తెలంగాణ నుంచి సూరత్ వచ్చిన పద్మశాలీల మనవలు. వాళ్లలో గోల్‌కీపరు నన్ను కాకా అంటాడు. అందుకని నేనూ అభిమానినయ్యాను.

అవతలి కాలేజీకి కోచ్ ఉన్నాడు. బస్సు ఉంది. మరి మనవాళ్లకు? ప్రిన్సిపాల్ గారి ఆశీర్వాదం ఉంది. బూట్లకు డబ్బు లేదు, ఆత్మవిశ్వాసం ఉంటే చాలని సెలవిచ్చారట. మరి తమరు కుర్చీ తీసేసి ఆత్మవిశ్వాసం మీద కూర్చోవచ్చు కదా సార్?

అయినా ఆశ చావదు. బైకుల మీద ముగ్గురేసి ఎక్కి వెళ్లాం. నవరాత్రి డోలు కూడా తెచ్చారు. ఎండలో గంటన్నర మోగించి మోగించి, అసలు మనిషి వచ్చేసరికి డోలువాడి చేతులు పడిపోయాయి.

ఇక శాలువా. పుష్పగుచ్ఛం. జ్యోతి ప్రజ్వలన. గాలికి దీపం మూడుసార్లు ఆరింది, మూడుసార్లూ చప్పట్లు కొట్టాం. తర్వాత ప్రసంగం. యువత మొబైల్ వదిలి మైదానాలకు రావాలట! ఎవరికి చెబుతున్నారు? గంటన్నరగా మైదానంలో నిలబడి కాళ్లు పీకుతున్న యువతకు. మధ్యలో ఆయన మొబైలే మోగింది. ఆపి, మాట్లాడి, మళ్లీ అందుకున్నారు. చివరికి తళతళలాడే కొత్త బంతి తెచ్చి కాళ్ల దగ్గర పెట్టారు. తన్నారు. ఫొటో కుదరలేదు. మళ్లీ తన్నారు. కళ్లు మూసుకుపోయాయి. మూడోసారికి బంతి ఎటు పోయిందో గానీ ఫొటో మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

చీకటి పడుతోందని ఒక్కో సగాన్ని ఇరవై నిమిషాలకు కుదించారు. ప్రసంగం ఇరవై ఆరు నిమిషాలు. గడియారం చూసే చెబుతున్నాను. మూడు-సున్నాతో ఓడాం.

“చిన్న జట్టు కదండీ, ఓడటం మామూలే” అన్నాడు నిర్వాహకుడు పల్లీలు నములుతూ. చిన్న జట్టా? పుట్టుకతోనే చిన్నదా, ఎవరైనా చిన్నది చేశారా?

పాత లెక్క తీద్దాం. 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేళ్లు రోవర్స్ కప్ హైదరాబాద్ సిటీ పోలీసులదే. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ అనే హైదరాబాదీయే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు భారత జట్టును తీసుకెళ్లాడు. అక్కడ ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి నాలుగో స్థానంలో నిలిచాం. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారం తెచ్చాం. క్యాన్సర్ ఒంటిని తినేస్తుంటే రహీమ్ ఆ పతకం గెలిపించి, మరుసటి ఏడాదే కన్నుమూశాడు. అప్పుడు మనల్ని చిన్న జట్టు అన్నవాడెవడు?

ఇప్పుడు చూడండి. 2023 జనవరిలో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ‘విజన్ 2047’ అని ఒక రంగుల పుస్తకం విడుదల చేసింది. స్వాతంత్ర్యం వచ్చి వందేళ్లు నిండేనాటికి ఆసియాలో తొలి నలుగురిలో ఉంటామట. ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం నుంచి ఆసియాలో నాలుగో స్థానానికి తొంభై ఏళ్లలో చేరుకోబోతున్నాం. ప్రగతంటే ఇదీ! తొలి మెట్టుగా 2026కల్లా ఆసియాలో మొదటి పది జట్లలోకి రావాలి. వచ్చామా? 2025లో హాంకాంగ్ చేతిలో ఓడాం. సొంతగడ్డ మీద సింగపూర్ చేతిలో ఓడి ఆసియా కప్ దారి మూసుకున్నాం. నవంబరు 18న ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలోనూ ఓడాం. ఆ నెల ర్యాంకు 142కు పడింది. సరిగ్గా అదే రోజు కురసావ్ అనే దీవి ప్రపంచకప్‌కు అర్హత సాధించింది. దాని జనాభా లక్షన్నర. మా వరాఛా రోడ్డు మీద సాయంత్రం ట్రాఫిక్‌లో ఇరుక్కునేది అంతకంటే ఎక్కువమందేమో అనిపిస్తుంది.

ప్రయత్నం చేయలేదనకండి, పాపం తగులుతుంది. జట్టులో ఉత్సాహం నింపడానికి జ్యోతిషం కంపెనీకి రూ.16 లక్షలు ఇచ్చారని 2022లో వార్తలొచ్చాయి. కోచ్ ఆటగాళ్ల పేర్లను ముందుగా ఒక జ్యోతిష్కుడికి పంపేవాడని 2023లో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ రాసింది. కుజుడు ఏ వైపు ఆడతాడు? లెఫ్ట్ వింగా, రైట్ వింగా? పదహారు లక్షలకు ఎన్ని జతల బూట్లొస్తాయో లెక్క కట్టడానికి పంచాంగం అక్కర్లేదు.

నా దగ్గరో పసుపు జెర్సీ ఉంది. హైదరాబాద్ ఎఫ్‌సీది. 2022 మార్చి 20న కేరళ జట్టుతో ఫైనల్, గోవా ఫతోర్దా స్టేడియం నిండా కేరళ జనమే. గోలు వెనకబడి, 88వ నిమిషంలో సాహిల్ తవోరా కొట్టిన దెబ్బతో సమం చేసి, పెనాల్టీల్లో కట్టిమణి మూడింటిని ఆపితే మనవాళ్లు ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచారు. నేను సూరత్‌లో ఫోను చేత్తో పట్టుకుని అరిచిన అరుపుకు కింది అంతస్తు వాళ్లు పైకొచ్చారు. రెండేళ్లు తిరక్కుండా ఏమైంది? జీతాలు రాక ఆటగాళ్లు వెళ్లిపోయారు. 2023-24లో ఇరవై రెండు మ్యాచుల్లో ఒక్కటే గెలుపు. 2025 అక్టోబరులో క్లబ్బునే ఢిల్లీకి తరలించారు. కప్పు గెలిచిన జట్టు ఊరు విడిచిపోతుంటే ఎంతమంది నాయకులు అడ్డం పడ్డారు? పోనీ, ఎంతమందికి తెలుసు?

మొన్న గోల్‌కీపరు ఆ జెర్సీ చూసి అడిగాడు. “కాకా, గీ టీము యాడికి వోయింది?”

“ఢిల్లీకి.”

“ఆడనీకా?”

“పేరు మార్చుకోనీకి.”

ఆ వలసకు మూడు నెలలు తిరగకుండా, డిసెంబరు 13న ఉప్పల్‌లో మెస్సీ దిగాడు. అబ్బో, ఏం పండుగ! ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి స్వయంగా జెర్సీ తొడిగి మెస్సీతో బంతాట ఆడారు. రాహుల్ గాంధీ వచ్చారు. లైట్లు, పాటలు. అదే రోజు కోల్‌కతాలో ఇంకా ముచ్చట. వేలకు వేలు పోసి టికెట్లు కొన్నవాళ్లకు మెస్సీ కనబడలేదు, ఆయన చుట్టూ మూగిన పెద్దమనుషుల వీపులు కనబడ్డాయి. కుర్చీలు గాల్లోకి లేచాయి. ఎందుకు లేవవు? మెస్సీ కోసం డబ్బు కట్టించుకుని వీపులు చూపిస్తే? ఆ రోజుకి దేశంలో ఐఎస్ఎల్ మొదలే కాలేదు. హక్కుల ఒప్పందం తేలక సీజన్ అటకెక్కి కూర్చుంది. ఆట నడవదు, ఆటగాడితో సెల్ఫీ మాత్రం నడుస్తుంది.

జనం స్టేడియానికి రారంటారు. 2018లో ముంబైలో చైనీస్ తైపీ మీద అయిదు గోలులు కొట్టిన మ్యాచుకు వచ్చినవాళ్లు 2,569 మంది. తిట్టడానికైనా రండని సునీల్ ఛెత్రీ వీడియోలో బతిమాలాడు. తర్వాతి మ్యాచుకు టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. జనం అతని మాట మన్నించారు. మరి సమాఖ్య పెద్దలో? వీడ్కోలు చెప్పిన ఛెత్రీనే నలభై ఏళ్ల వయసులో, 2025లో మళ్లీ పిలిచారు. అతని జాగాలో ఆడే కుర్రాడు ఇన్నేళ్లలో ఒక్కడూ తయారు కాలేదా? ఎలా అవుతాడు, రాత్రి పదకొండు తర్వాత క్రికెట్ వలలోనా?

అహ్మదాబాద్‌కు 2030 కామన్వెల్త్ క్రీడలొచ్చాయి. 2036 ఒలింపిక్స్ కూడా మాకే కావాలంటున్నారు. తీసుకోండి. శాలువాలు ఇప్పటినుంచే ఆర్డరివ్వండి. నేయడానికి లింబాయత్‌లో మావాళ్లున్నారు.

నిన్న రాత్రి గోల్‌కీపరు ఫోన్ చేశాడు. మళ్లీ చందా, వంద పంపాలట.

“ఎందుకురా? ఓడిపోయాం కదా.”

“బంతి కొననీకి కాకా.”

“మొన్న కొత్తది తెచ్చారు కదరా?”

“గది మాకియ్యలే. మేం పాతదాంతోనే ఆడినం. సార్ మనిషొకడు గది కార్ల వెట్టుకొని వోయిండు.”