వెయ్యి వరహాల ఏనుగు

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అన్న సామెతని ఏనుగుల్ని అమ్మేవాడే పుట్టించి ఉండాలి. కొన్నవాడు పుట్టించి ఉంటే అందులో మేత ఖర్చూ మావటివాడి జీతమూ తప్పకుండా చేరేవి. ఆ సామెత ఇప్పుడు స్పోర్ట్స్ కార్ల షోరూముల్లో కాపురం పెట్టింది. "ఇది ఖర్చు కాదు సార్, పెట్టుబడి" అంటారక్కడ. తక్కిన కార్లు గుమ్మం దాటగానే విలువ పోగొట్టుకుంటాయట. ఇది మాత్రం పాత చింతకాయ పచ్చడిలా ఏళ్ళు గడిచేకొద్దీ గిరాకీ పెంచుకుంటుందట. మూడు కోట్లు పోసి ఇద్దరే పట్టే బండి ఎందుకు కొన్నావని ఇంట్లో నిలదీస్తే, ముచ్చటపడి కొన్నానని చెప్పడానికి నోరు రాని పెద్దమనిషికి 'పెట్టుబడి' అన్న మాట సంజీవని. అక్కడ కారుకంటే ముందు అమ్ముడుపోయేది ఆ మాటే. ముచ్చటపడటం తప్పని ఎవరూ అనరు. ముచ్చటకి లెక్కల చొక్కా తొడిగి, నష్టాన్ని లాభమని చదివించడం మీదే ఈ ఫిర్యాదు.

సాక్ష్యం అడిగితే అందరూ తెచ్చేది ఒకటే కారు, ఫెరారీ 250 జీటీఓ. 1962 నుంచి 1964 దాకా తయారైనవి 36. కొత్తగా ఉన్నప్పుడు అమెరికాలో దాని ధర 18 వేల డాలర్ల చుట్టుపక్కల. 2018లో కాలిఫోర్నియాలోని మాంటెరే వేలంలో ఒకటి 4 కోట్ల 84 లక్షల డాలర్లు పలికింది. నిజమే, కాదనలేం. కానీ పెళ్ళిచూపుల్లో ఇంటిల్లిపాదినీ వదిలేసి కలెక్టరైన మేనమామ పేరొక్కటే చెప్పినట్టుంటుంది ఈ వాదన. అదే ఇటలీలో మసెరాటీ బైటర్బో కూడా పుట్టింది. 1981లో వచ్చిన ఆ కారు వేలల్లో తయారై, సెకండ్ హ్యాండ్ బజారులో ధర జారిపోవడానికి మారుపేరైంది. దాని ఫోటో ఏ వేలం కేటలాగు అట్ట మీదా కనిపించదు. పోనీ, మేనమామ చరిత్రయినా నిటారుగా సాగిందా అంటే అదీ లేదు. 1988 ఆగస్టులో ఎంజో ఫెరారీ చనిపోయాక పాత ఫెరారీల ధరలకి పూనకం వచ్చింది. 1990 దాటాక జపాన్ డబ్బూ పశ్చిమ దేశాల డబ్బూ ఒకేసారి వెనక్కి తగ్గేసరికి జీటీఓ సహా అన్నీ నేలకి దిగాయి. శిఖరం మీద కొన్నవాడు కొన్నేళ్ళకే అందులో చిన్న ముక్కకి అమ్ముకున్నాడు. 1962నీ 2018నీ కలిపి గీత గీసేవాళ్ళకి ఆ మధ్యలో ఉన్నవాడు కనపడడు.

ఈ వాదానికి అసలైన స్మారక చిహ్నం జాగ్వార్ ఎక్స్‌జే220. 1988లో బర్మింగ్‌హామ్ మోటార్ షోలో దాన్ని 12 సిలిండర్ల ఇంజన్‌తో, నాలుగు చక్రాలకీ శక్తి అందే నమూనాగా చూపించారు. 50 వేల పౌండ్ల అడ్వాన్సు కట్టడానికి జనం ఎగబడ్డారు. కట్టినవాళ్ళలో చాలామందికి కారు నడపాలని లేదు. తమ వంతుని ఇంకొకడికి ఎక్కువకి అమ్మాలని ఉంది. 1992లో కారు చేతికొచ్చేసరికి 12 సిలిండర్లు 6 అయ్యాయి, శక్తి వెనక చక్రాలకే మిగిలింది, ధర 4 లక్షల 70 వేల పౌండ్లకి చేరింది. ఈలోగా బ్రిటన్‌లో మాంద్యం. పెట్టుబడిదారులకి ఉన్నట్టుండి ఇంజన్ మీద శ్రద్ధ పుట్టింది; మాకు చూపించింది ఇది కాదు మొర్రో అంటూ కోర్టుకెక్కారు. కోర్టు కంపెనీ వైపే తీర్పిచ్చింది. కారు తీసుకోకుండా తప్పించుకోవడానికి కూడా డబ్బు కట్టినవాళ్ళున్నారు! కొన్న వస్తువుకి డబ్బివ్వడం లోకంలో ఉన్నదే, కొనకుండా ఉండటానికి డబ్బివ్వడం ఈ పెట్టుబడి ప్రత్యేకత. 280కి అటూ ఇటూగా తయారైన ఆ కార్లలో మిగిలిపోయినవాటిని 1997 దాకా కారుచౌకగా వదిలించుకున్నారు. ఇప్పుడు వేలంలో ఆ కారు ఇంచుమించు నాలుగైదు లక్షల పౌండ్లు పలుకుతోంది. "చూశారా, కొన్న ధర తిరిగొచ్చింది" అని మళ్ళీ అవే గొంతులు. 1992లో ఒక పౌండుకి వచ్చిన సరుకుకి ఇప్పుడు రెండు పౌండ్లకి మించే పెట్టాలి. అంటే ముప్పై ఏళ్ళు కాపలా కాసినందుకు దక్కినది అసలులో సగం. అదే 1992లో మన దేశంలో 10 గ్రాముల బంగారం నాలుగు వేల పైచిలుకు. 2024లో 70 వేలు దాటింది. బీరువాలో పడున్న ఆ బంగారానికి ఇన్సూరెన్సు అక్కర్లేదు, ఇంజన్ ఆయిల్ అసలే అక్కర్లేదు.

విలువ నిజంగా పెరిగిన కార్ల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. 2021లో పెబుల్ బీచ్ వేలంలో 1995 నాటి మెక్‌లారెన్ ఎఫ్1 ఒకటి 2 కోట్ల 4 లక్షల డాలర్లకి పైగా పలికింది. అది 26 ఏళ్ళలో తిరిగిన దూరం 390 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళి వెనక్కి రావడానికి చాలని దూరం. ఆ మోడల్ 1998లో గంటకి 386 కిలోమీటర్ల వేగం అందుకుని రికార్డు సృష్టించింది; అంటే పావు శతాబ్దపు ప్రయాణాన్ని ఒక గంటలో ముగించగల బండి అది. ఆ గంటని 26 ఏళ్ళు దాచిపెట్టినందుకు వచ్చిన బహుమతి ఆ ధర. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా వేగంగా పరిగెత్తిన కారుకి విలువ నిలవాలంటే అది కదలకూడదు! వంటవాడు వండనంతకాలం జీతం పెరిగే ఇల్లు ఎక్కడైనా ఉంటుందా? పైగా కదలకపోయినా కాలం ఊరుకోదు. ఫెరారీ టెస్టరోసా, ఎఫ్355లలో టైమింగ్ బెల్టు మార్చాలంటే ఇంజన్‌నే కిందికి దించాలి. ఆ బెల్టుకి ఓడోమీటర్ చదవడం రాదు; నడిపినా నడపకపోయినా కొన్నేళ్ళకి మార్చాల్సిందే. టైర్ల రబ్బరూ అంతే. ఏనుగు మేత అంటే ఇదే. విలాస వస్తువుల ధరల సూచీలు ఎంత అందంగా గీసినా, ఈ మేత ఖర్చు తీసేసి చూపించవు.

ఇంకొకడు వచ్చి కొంటాడన్న ఆశ మీదే నడిచే వ్యాపారం మన రైతులు కొందరికి బాగా గుర్తుండాలి. ఈము పక్షి గుడ్డుని ఎవరూ అట్టేసుకు తినడానికి కొనలేదు. పిల్లల్ని పొదిగించి, రేపు ఈము పెంపకంలోకి దిగబోయే ఇంకో రైతుకి అమ్మడానికి కొన్నారు. కొత్త రైతు రావడం ఆగిన రోజున పక్షికి మేత వెయ్యలేని పరిస్థితి. పరిమిత సంఖ్య కార్లలోనూ ఇదే పొదుగుడు. పోర్షే 2016లో 911 ఆర్ అనే మోడల్‌ని 991 కార్లకి పరిమితం చేసి, అమెరికాలో లక్షా 84 వేల 900 డాలర్లకి అమ్మింది. కొద్దికాలంలోనే కొందరు పది లక్షల డాలర్లు అడిగారు. 2017లో అదే కంపెనీ ఇంచుమించు అదే రుచిని జీటీ3 టూరింగ్ పేరుతో సంఖ్యా పరిమితి లేకుండా వడ్డించేసరికి ఆ పొంగు చల్లారింది. కొరతని పుట్టించినవాడి చేతిలోనే దాన్ని తీర్చే తాళం కూడా ఉందని కొన్నవాళ్ళకి తట్టలేదు. అయినా కంపెనీ ధరకి దొరికినవాడికి లాభమేగా అంటారా? దొరకడమే కదా చిక్కు. అలాంటి కార్ల కేటాయింపు సాధారణంగా పాత ఖాతాదార్లకే. ముందు నాలుగు మామూలు మోడళ్ళు కొని, వాటి మీద తరుగు భరించినవాడికి ఐదోది ఇస్తారు. దాని మీద వచ్చేది లాభం కాదు, పాత నష్టంలో కొంత వాపసు.

మన గడ్డ మీద ఈ ఏనుగు మరీ బలిసి కనిపిస్తుంది. విదేశంలో పూర్తిగా తయారై వచ్చే ఖరీదైన కారు మీద చాలా ఏళ్ళు నూటికి నూరు కస్టమ్స్ సుంకం. ఆ మొత్తం మీద 2025 సెప్టెంబరు దాకా 28 శాతం జీఎస్టీ, పైన సెస్సు. 100 రూపాయల కారు రేవు దాటేసరికి 300కి దగ్గరపడేది. లైఫ్ ట్యాక్స్ ఆ తరవాతి మాట. ఒక వంతు కారూ రెండు వంతులు రసీదులూ కొన్నట్టు. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడు కూడా కొత్త కారు ధర చూసే బేరమాడతాడు గనక రసీదులకీ కొంత విలువ నిలుస్తుంది, ఒప్పుకోవాల్సిందే. కానీ ఆ విలువ ప్రభుత్వం దయ. 2025 జులైలో బ్రిటన్‌తో సంతకమైన వాణిజ్య ఒప్పందం, కోటా మేరకు బ్రిటిష్ కార్ల మీద సుంకాన్ని నూటికి పైనుంచి 10 శాతానికి దించుతుంది. సెప్టెంబరులో జీఎస్టీ 40 శాతమై సెస్సు పోగానే కొత్త లగ్జరీ కార్ల ధరలు లక్షల్లో తగ్గాయి. గ్యారేజీలో తలుపేసి ఉన్న పెట్టుబడి ఎక్కడో జరిగిన సంతకానికి కరిగింది. ఇన్సూరెన్సువాళ్ళు మాత్రం మొదట్నుంచీ మొహమాటం లేకుండానే ఉన్నారు. వాళ్ళ పట్టికలో ఏడాదిలోపు కారుకి 15 శాతం దాకా తరుగు, మూడో ఏడు ముగిసేసరికి 30, ఐదో ఏడు ముగిసేసరికి 50. ఆల్టోకీ లంబోర్గినీకీ ఒకటే వరుస. ఇక 2024 ఏప్రిల్‌లో హైదరాబాదు శివార్లలో మామిడిపల్లి దగ్గర, అమ్మకానికి పెట్టిన 2009 మోడల్ లంబోర్గినీని బాకీ గొడవలో పెట్రోలు పోసి తగలబెట్టారు. విలువ కోటి దాకా ఉంటుందని పత్రికలు రాశాయి. కొనేవాడికంటే ముందు కాల్చేవాడు దొరికాడు.

పోర్షే 911 సంగతేమిటని అడిగేవాళ్ళుంటారు. 1998 దాకా గాలితో చల్లబడే ఇంజన్లతో వచ్చిన ఆ పాత 911లు 2010 తరవాత నిజంగానే పెరిగాయి. 2008 సంక్షోభం తరవాత బ్యాంకు వడ్డీ సున్నా దగ్గర నిలిస్తే డబ్బు దొరికిన ప్రతి వస్తువు మీదా వాలింది, వాటి మీదా వాలింది. అందులో బాగుపడ్డవాళ్ళు ఎక్కువమంది అంతకు పదేళ్ళ ముందు, అవి ఉత్త పాత కార్లుగా ఉన్నప్పుడు, నడుపుకోవడానికి కొన్నవాళ్ళు. పెద్ద లగ్జరీ సెడాన్‌కంటే 911కి తరుగు తక్కువన్నదీ నిజం. తక్కువ పోవడాన్ని తక్కువ పోవడమనే అందాం. రాబడి అనకపోతే చాలు. ఇంకొందరు బ్రిటన్‌లో కారు అమ్మిన లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదని గొప్పగా చెబుతారు. ఎందుకు లేదో కూడా చెప్పాలిగా! అక్కడి చట్టం కారుని అరిగిపోయే సొత్తుగా లెక్కేస్తుంది. లాభం మీద పన్ను లేదు, నష్టం చూపించి పన్ను తగ్గించుకునే వీలూ లేదు. ఈ బేరంలో తనకి నష్టం రాదని ఖజానాకి గట్టి నమ్మకం ఉన్నట్టే ఉంది.

కనక డబ్బూ సరదా రెండూ ఉన్నవాళ్ళు కొనుక్కోండి. ఐదేళ్ళ పాతది చూసి, మొదటి యజమాని మోసిన తరుగుకి మనసులో దణ్ణం పెట్టుకుని, వానకీ ఎండకీ బయటికి తీసి నడపండి. పెట్టుబడి అన్న మాట ఎవరైనా ఎత్తితే మాత్రం ఒక్కటి గుర్తుంచుకోండి. ఆ 250 జీటీఓలు 36. ముప్పై ఆరూ ఎప్పుడో అమ్ముడైపోయాయి. మీ చేతిలో తాళం పెడుతున్నది ఇంకేదో కారుది.