చెయ్యి తిరిగిన వాళ్ల బొమ్మలు

మొన్న ఆదివారం మధ్యాహ్నం మనవరాలు టీవీలో సింహం సినిమా పెట్టింది. 2019లో వచ్చిన ‘ది లయన్ కింగ్’. నిజం సింహాలే నటించాయేమో అన్నంత అచ్చంగా ఉన్నాయి. జూలులో ఒక్కో వెంట్రుకా గాలికి విడివిడిగా కదులుతోంది. తండ్రి సింహం లోయలో పడి చచ్చిపోయింది. పిల్ల సింహం వచ్చి తండ్రిని ముట్టెతో కదిపి చూస్తోంది. నేనూ చూస్తున్నాను గానీ లోపల ఏదీ కదల్లేదు. పిల్ల మొహం వైపు చూశాను. అది గిన్నె అడుగున మిగిలిన మరమరాలు ఏరుకుంటోంది.

పట్టుబట్టి 1994 నాటి పాత ‘లయన్ కింగ్’ పెట్టించాను. అదే కథ, అదే లోయ, అదే చావు. చేత్తో గీసిన ఆ సింహం పిల్ల, చచ్చిపోయిన తండ్రి పంజా కిందికి దూరి పడుకుంది. మా పిల్ల గిన్నె పక్కన పెట్టేసి నా చెయ్యి పట్టుకుంది. “తాతయ్యా, ఏడుపొస్తోంది” అంది.

నిజం సింహానికి దుఃఖం వస్తే పెదవి వణకదు, కనుబొమలు ముడిపడవు. అచ్చం నిజంలా చేద్దామని కూర్చున్నవాళ్లు ఆ నిజానికే కట్టుబడిపోయారు. పాత సినిమాలో ఆ పిల్లకు ప్రాణం పోసినవాడు మార్క్ హెన్ అనే ఆనిమేటర్. ఆయన గీతల్లో సింహమూ ఉంది, తండ్రి పోయిన పసివాడూ ఉన్నాడు. కెమెరా కంటికి కనపడనిది పెన్సిల్‌కు కనపడుతుంది. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో ముప్పై రెండేళ్లు డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసినవాణ్ణి. ఆ మాట గట్టిగా అనే హక్కు నాకుంది.

మా చిన్నతనంలో కదిలే బొమ్మంటే తోలుబొమ్మే. సంక్రాంతి వెళ్లాక ఆటవాళ్లు మా ఊరికి వచ్చేవాళ్లు. రెండు గుంజల మధ్య తెల్ల పంచె కట్టి, వెనక దీపాలు పెట్టేవాళ్లు. వెలుగు దూరేంత పలచగా గీకిన మేకతోలు మీద ఎరుపు, పచ్చ, నలుపు రంగులు. హనుమంతుడు తెరకు దగ్గరగా వస్తే అంచులు కత్తితో కోసినట్టు కనపడేవి, కాస్త వెనక్కి జరిగితే మసకబారేవాడు. ఒకే బొమ్మ, దూరం మార్చి భయం పుట్టించేవాళ్లు. బొమ్మల సినిమాకు ‘సెల్లు’ అనే పారదర్శకమైన రేకు మీద బొమ్మ గీసి, రంగు వేసి, వెనక అడవో కోటో పెట్టి ఫొటో తీస్తారని చాలా ఏళ్ల తర్వాత పుస్తకంలో చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ పంచె తెరే.

నేను చూసిన మొదటి పూర్తి నిడివి బొమ్మల సినిమా ‘ది జంగిల్ బుక్’. అమెరికాలో 1967లో విడుదలైంది. వాల్ట్ డిస్నీ దగ్గరుండి చేయించిన ఆఖరి బొమ్మల సినిమా అదే, విడుదల నాటికి ఆయన లేడు. నేను కొన్నేళ్ల తర్వాత, డ్రాయింగ్ హయ్యర్ పరీక్షకు వచ్చినప్పుడు సికింద్రాబాద్ సంగీత్‌లో చూశాను. నాకు ఇంగ్లీషు మాటలు సగం కూడా అర్థం కాలేదు. అయినా ఒక్క సంగతి కూడా తప్పిపోలేదు. ఎలుగుబంటి బలూ వీపు దురదపెడితే చెట్టుకేసి రుద్దుకుంటాడు, అది చాలక చెట్టునే పెకలించి వీపు గోక్కుంటాడు. ఆ సుఖంలో కళ్లు అరమోడ్పులవుతాయి, ఒళ్లంతా వెన్నలా జారిపోతుంది. హాల్లో పెద్దవాళ్లు కూడా కుర్చీలో వీపు కదిపారు. పులి షేర్ ఖాన్ నడుస్తుంటే బరువు ఒక భుజం మీంచి మరో భుజానికి మారడం తెలుస్తుంది. ఆ పులిని గీసినవాడు మిల్ట్ కాల్. కాగితం మీది గీతకు బరువెలా వచ్చిందో తెలుసుకోవాలని ఆ రాత్రి లాడ్జిలో నిద్రపోకుండా పిల్లి నడక గీస్తూ కూర్చున్నాను. తెల్లారి పరీక్ష. పిల్లి మాత్రం నడవలేదు.

ఆ సినిమాలో బలూ అంచుల్ని ఇప్పటికీ ఆపి చూస్తుంటాను. గీత ఒక్కటిగా ఉండదు. పొట్ట దగ్గర రెండు మూడు పెన్సిల్ గీతలు ఒకదాని మీద ఒకటి కొద్దిగా తప్పుకుని ఉంటాయి, ఆడుతూ ఉంటాయి. 1961కి ముందు సినిమాల్లో ఇలా ఉండదు. ఆనిమేటర్ కాగితం మీద పెన్సిల్‌తో గీస్తే, దాన్ని సెల్లు మీదికి పెన్నుతో ఎత్తి రాసే విభాగం వేరుగా ఉండేది. అక్కడ పనిచేసినవాళ్లు ఎక్కువమంది ఆడవాళ్లే. సెల్లు మీద వేలిముద్ర పడకుండా చేతికి గ్లోవ్స్ తొడుక్కుని, ముందువైపు సన్నటి సిరాగీత గీసి, వెనకవైపు రంగు నింపేవాళ్లు. 1937 నాటి ‘స్నోవైట్’ మొత్తం అలా వాళ్ల చేతుల మీదుగా వచ్చిందే. సినిమా పేర్లలో మటుకు వాళ్ల పేర్లు పడలేదు. 1961లో ‘101 డాల్మేషియన్స్’ నుంచి పెన్సిల్ గీతను జిరాక్సు పద్ధతిలో నేరుగా సెల్లు మీదికి ఎక్కించారు. ఖర్చు తగ్గించుకోవడానికే ఆ పని చేశారు. నునుపు పోయింది, నిజమే. అయితే ఆనిమేటర్ చెయ్యి ఎక్కడ తడబడిందో, ఎక్కడ గట్టిగా నొక్కిందో అంతా తెర మీదికొచ్చింది. ఈ జిరాక్సు గీతే నాకు ఎక్కువ ఇష్టం. మాస్టారు బోర్డు మీద సుద్దముక్కతో గీస్తుంటే పక్కన నిలబడి చూసినట్టుంటుంది.

ఎంత పనో లెక్కేసి చూడండి. సెకనుకు 24 ఫ్రేములు. రెండు ఫ్రేములకు ఒక బొమ్మ చొప్పున గీసినా సెకనుకు 12. నిమిషానికి 720. అదీ ఒక్క పాత్రకే. ముఖ్యమైన భంగిమలు పెద్ద ఆనిమేటర్ గీస్తే, మధ్యలోవి నింపడానికి వేరే వాళ్లుంటారు. ఒక్కో కాగితానికీ కింద రంధ్రాలుంటాయి, అవి బల్లకున్న మేకుల్లో సరిగ్గా కూర్చుంటాయి. బల్ల కింద దీపం. ఎడమచేతి వేళ్ల సందుల్లో నాలుగైదు కాగితాలు ఇరికించి, అటూ ఇటూ తిప్పుతూ కదలిక చూసుకుంటూ గీస్తారు. ఒక బొమ్మ తప్పితే చెరిపి మళ్లీ గీయాల్సిందే.

జపాన్ దర్శకుడు హయావో మియజాకీ 2013లో ‘ది విండ్ రైజెస్’ తీశాడు. అందులో జనం గుంపు కదిలే ఒక దృశ్యం ఉంది. తెర మీద నాలుగు సెకన్లు. దాన్ని గీయడానికి ఒక ఆనిమేటర్‌కు సంవత్సరం మూడు నెలలు పట్టింది. గుంపులో ఎవరి కంగారు వారిది, ఎవరి మూట వారిది. 2025 మార్చిలో అదే మియజాకీ స్టూడియో గిబ్లీ బొమ్మల తీరులో మన పెళ్లి ఫొటోలు, పుట్టినరోజు ఫొటోలు కంప్యూటర్ నిమిషంలో మార్చి ఇచ్చింది. మా బంధువుల వాట్సాప్ గ్రూపు నిండా అవే. నాకూ ఒకటి చేసి పంపారు. అందులో ఉన్నది నా మొహం కాదు. నా ఎడమ కనుబొమ మీద చిన్నప్పటి దెబ్బ మచ్చ ఉంది, అది లేదు. చేత్తో గీసేవాడు ముందు ఆ మచ్చనే పట్టుకుంటాడు. ఏళ్ల తరబడి మెడలు వంచి గీసినవాళ్ల తీరును అడగాపెట్టకుండా తీసుకుని, దానికి వాళ్ల పేరే తగిలించి వినోదం చేసుకోవడం నాకు బాధ కలిగించింది. ఆ మాట గ్రూపులో రాశాను కూడా.

కంప్యూటర్ మీద నాకు పగ లేదు. నేను మెచ్చుకునే పాత ‘లయన్ కింగ్’లోనే జంతువుల మంద తొక్కుకుంటూ వచ్చే దృశ్యానికి కంప్యూటర్ వాడారు. 1991 నాటి ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’లో నాట్యం చేసే పెద్ద హాలూ అలా చేసిందే. మోయలేని బరువు యంత్రం మోస్తే మంచిదే. మొహం మాత్రం మనిషే గీశాడు. 1995లో ‘టాయ్ స్టోరీ’ వచ్చింది, బాగుంది, బాగా ఆడింది. దాంతో డబ్బులు పెట్టేవాళ్లకు పెన్సిల్ పాతబడిపోయినట్టు తోచింది. డిస్నీ వాళ్లు ఫ్లోరిడాలోని తమ ఆనిమేషన్ స్టూడియోను 2004లో మూసేశారు. అంతకు రెండేళ్ల ముందు అక్కడే ‘లిలో అండ్ స్టిచ్’ తయారైంది, నీటిరంగుల బ్యాక్‌గ్రౌండ్లతో, కడిగిన ఆకులా. 2009లో ‘ది ప్రిన్సెస్ అండ్ ది ఫ్రాగ్’, 2011లో ‘విన్నీ ద పూ’ చేత్తోనే చేశారు. ఆ తర్వాత ఆ దారి వదిలేశారు. కథలు బాగా లేకపోతే సినిమాలు పోతాయి. ఆ పాపం గీతకు అంటగట్టారు.

బ్యాక్‌గ్రౌండ్లంటే ‘బాంబి’ గురించి చెప్పకుండా ఉండలేను. 1942 నాటిది. జింకల నడక గీయడానికి స్టూడియోకు రెండు జింకపిల్లల్నే తెప్పించుకున్నారు. అడవి మాత్రం అడ్డుపడింది. ఆకు ఆకూ గీస్తే జింక కనపడకుండా పోతోంది. చైనా నుంచి వలస వచ్చిన టైరస్ వాంగ్ అనే కుర్రవాడు పాత చైనా చిత్రాల పద్ధతిలో అడవి వేసి చూపించాడు. నాలుగు చెట్ల నీడలు, కాస్త మంచు, మధ్యలో వెలుగు, అంతే. మిగతా అడవిని మనమే మనసులో నింపుకుంటాం. మన చిత్రకారుడు వపా గీసిన చందమామ పత్రిక ముఖచిత్రాలు చూసినవాళ్లకు నేను చెప్పేది తెలుస్తుంది. ఏది వదిలేయాలో తెలియడానికి చెయ్యి తిరగాలి. అచ్చం నిజంలా ఉండే కంప్యూటర్ అడవిలో ప్రతి ఆకూ ఉంటుంది, చూసేవాడికి చెయ్యడానికి పనే ఉండదు.

మనకూ ఈ విద్య రాకపోలేదు. ‘స్నోవైట్’, ‘బాంబి’లకు పనిచేసిన క్లెయిర్ వీక్స్ 1956లో బొంబాయి వచ్చి ఫిల్మ్స్ డివిజన్ కార్టూన్ యూనిట్‌లో మనవాళ్లకు నేర్పాడు. మరుసటి ఏడాది ‘ది బనియన్ డీర్’ అనే చిన్న సినిమా వచ్చింది, జాతక కథ. అక్కడ నేర్చుకున్నవాళ్లలో రామ్ మోహన్ ఒకరు. జపాన్ దర్శకుడు యుగో సాకో అలహాబాద్ దగ్గరి తవ్వకాల మీద డాక్యుమెంటరీ పనికి వచ్చి, రామాయణం చదివి, దాన్ని బొమ్మల సినిమా తీయాలని పట్టుబట్టినప్పుడు ఆయనకు తోడు నిలిచినవారు ఈ రామ్ మోహనే. 1992లో ‘రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ పూర్తయింది. దేవుణ్ణి కార్టూన్ చేస్తారా అని అప్పట్లో అభ్యంతరాలు లేచాయి. రావలసినంత ఆర్భాటంగా మన హాళ్లకు రాలేదు.

2025 జనవరిలో అది తెలుగు మాటలతో థియేటర్లకొచ్చింది. మనవరాలిని తీసుకెళ్లాను. హాల్లో పట్టుమని ఇరవై మంది లేరు. వారధి కడుతున్నప్పుడు కోతులు రాళ్లు మోసే తీరు చూడాలి, ఒక్కో కోతి నడుము ఒక్కోలా వంగుతుంది. అదే ఏడాది జులైలో కంప్యూటర్‌తో చేసిన ‘మహావతార్ నరసింహ’కు మా ఊళ్లో టికెట్లు దొరకలేదు. అందులో పనిచేసిన కుర్రాళ్ల శ్రమను తక్కువ చేయను, పిల్లలు నరసింహుణ్ణి చూసి కేకలు వేస్తుంటే సంతోషించాను. చేత్తో గీసిన రాముడికి కూడా అన్ని కుర్చీలూ నిండితే బాగుండేదన్నదే నా బాధ.

ఇప్పుడు పసివాడి నోట్లో ముద్ద పెట్టాలంటే ఫోను ఉండాల్సిందే. అందులో ప్లాస్టిక్ మెరుపున్న బొమ్మలు, గుండ్రటి కళ్లు, ఒకటే నవ్వు. ఏడ్చినా నవ్వినా చేతులు ఒకే తీరుగా ఊపుతాయి. రెండేళ్ల పిల్లలు రోజూ చూసే మొహాలు అవే. మా రోజుల్లో బొమ్మలు తక్కువ, కానీ చూసినవి మంచివి. నెలకోసారి చందమామ వచ్చేది. శంకర్ గీసిన విక్రమార్కుణ్ణి చూసి, కత్తి పట్టిన చేతి ముడి ఎలా వేశాడో అని పలక మీద పదిసార్లు దిద్దేవాళ్లం. బాపుగారు సినిమా తీసే ముందు షాట్లన్నీ కాగితం మీద గీసుకునేవారు. ఆ చేతులకు గీతే మాట.

నేను రిటైరయ్యాక మా బడిలో డ్రాయింగ్ మాస్టారు పోస్టు నింపలేదు. ఆ పీరియడ్లు లెక్కలకిచ్చారు. పన్నెండేళ్లయింది. ఆ బడిలో అప్పట్నుంచి చదివిన పిల్లలకు పెన్సిల్ పట్టుకుని చెట్టు చూసి చెట్టు గీయమని చెప్పినవాళ్లు లేరు. ఇక కదిలే బొమ్మ ఎలా పుడుతుందో వాళ్లకెవరు చెప్తారు?

అయితే ఐర్లాండ్‌లో కొందరు 2020లో ‘వుల్ఫ్‌వాకర్స్’ అనే సినిమా చేత్తో గీశారు. కోటలో మనుషులకు నిక్కచ్చి గీతలు, అడవిలో తోడేళ్లకు చెరపకుండా వదిలేసిన పెన్సిల్ గీతలు. మియజాకీ ‘ది బాయ్ అండ్ ది హెరాన్’కు 2024లో ఆస్కార్ వచ్చింది, అప్పటికాయనకు ఎనభై మూడేళ్లు. కాబట్టి గీయడం ఆగిపోలేదు. మన దగ్గర అడిగేవాళ్లు లేకే రావడం లేదు.

ఆ ఆదివారం సాయంత్రం మనవరాలికి పాత నోట్‌బుక్ ఒకటిచ్చాను. పేజీ మూలల్లో పిట్టను గీయమన్నాను, పేజీకొకటి, రెక్క కొంచెం కొంచెం పైకి. మొదటి రోజు పిట్ట వంకరగా వచ్చింది, మూడో రోజుకు పేజీలు గబగబా తిప్పితే రెక్క ఆడింది. పిల్ల ఇల్లంతా తిరిగి అందరికీ చూపించింది, పాలబ్బాయికి కూడా. మీ ఇంట్లోనూ పరీక్షలయ్యాక మిగిలిన నోట్‌బుక్కులుంటాయి. తూకానికి వేయకండి. మూలలన్నీ ఖాళీగానే ఉంటాయి, ఒక పెన్సిల్‌తో పాటు పిల్లల చేతికివ్వండి. ఆదివారం వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ‘జంగిల్ బుక్’ పెట్టండి, 1967 నాటిది.