బియ్యపు గదిలోని కెమేరా

మా వంశమున బాలుర చేతికి చిక్కిన మొదటి ప్రాణిని నేను కాను. 1900లో అమెరికా దేశమున ఈస్టుమన్ కోడక్ సంస్థవారు ఒక్క డాలరు వెలకు ‘బ్రౌనీ’ అను అట్టపెట్టె కెమేరాను పిల్లలను ఉద్దేశించియే విపణికి తెచ్చిరి. ఆమె మా ముత్తవ్వ. ఫిలిము నెరుగని మా శాఖకు మూలపురుషుడు 1975లో ఆ సంస్థలోనే స్టీవెన్ సాసన్ అను యువకుడు కూర్చిన యంత్రము. మూడున్నర కిలోలకు పైబడిన బరువు. పదివేల చుక్కల నలుపు తెలుపు చిత్ర మొకదానిని క్యాసెట్టు టేపుపై వ్రాసికొనుటకు దానికి 23 సెకనులు పట్టెడిది. నాకైతే కోటి చుక్కలు, రెప్పపాటు చాలును. అయినను ఆ కోటి చుక్కలతో నేను చిరకాలము చేసిన ఘనకార్యమెల్ల పెండ్లిపందిళ్లలో వరుసగా నిలిచి నవ్వు బిగబట్టినవారిని లెక్కించుటయే.

పిదప చేతులు మారి, అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డున లక్కబొమ్మలకు ప్రసిద్ధి కెక్కిన ఏటికొప్పాక చేరువ నొక ప్రాథమిక పాఠశాలకు చేరితిని. అచ్చటి మాస్టారు నాలుగవ తరగతి పిల్లలచేత చలనచిత్ర కథ నొకదానిని చేయింపదలచి, ముందుగా నన్ను మూడు దినములు సంచిలోనుండి తీయనే లేదు. పలకపై ఆరు గడులు గీయించి, గడికొక బొమ్మ, బొమ్మక్రింద నొక వాక్యము వ్రాయించుచు కూర్చుండెను. నన్ను పిలిచి అవమానించుచున్నారని తలచితిని. ఎట్టకేలకు చేతికిచ్చిన దినమున ఆ పిల్లలు కుక్కను, గిలకను, పప్పు గరిటెను ఒక్క గుక్కలో త్రిప్పి త్రిప్పి పట్టిన పిమ్మట, ఆ దృశ్యమును చూచి వారికే కన్నులు తిరిగెను. అప్పుడు మాస్టారు పెట్టిన నియమ మొక్కటే: “కెమేరా కదలకూడదు, ఎదురుగా ఉన్నది కదలాలి. పది లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టండి.”

కథ బొమ్మ పుట్టుకను గూర్చినది. ఒక తాతగారి కొట్టులో, గిరగిర తిరుగు అంకుడు కర్రకు లక్కకడ్డీని ఆనించినంతనే నిప్పేమియు లేక ఒరపిడి వేడిమికే లక్క కరగి రంగై ప్రాకుటయు, పిదప మొగలి ఆకు రాపిడితో అది అద్దమువలె నిగ్గుదేరుటయు, క్రింద గొంతుకూర్చున్న పిల్లవాని ఎత్తునుండి చూచితిని. చెక్కపొట్టు నా కంటిలో రాలినది. పెద్దల ఎత్తునుండియే లోకమును చూచిన నాకు ఆ కోణము క్రొత్త. అయితే కర్రను త్రిప్పు మోటారు రొదలో తాతగారి మాట యొక్కటియు వినబడలేదు. కావున కథనము నంతయు మధ్యాహ్నభోజనపు బియ్యము నిలువచేయు గదిలో పలికించిరి. బస్తాలు ప్రతిధ్వనిని మ్రింగివేయునని మాస్టారికి ఎవరు చెప్పిరో గాని, ఊరిలో అంతకు మించిన స్టూడియో లేదు.

ఇక బొమ్మ నడకకు సెకనుకు 12 చిత్రముల చొప్పున 20 సెకనులకు ఎన్ని కావలెనో తేల్చుటకు పన్నెండవ ఎక్కము పనికివచ్చెను. బడి అరుగుపై బొమ్మను గోరంత గోరంత జరుపుచు 240 చిత్రములు తీయునప్పటికి సాయంకాలమైనది. చూచుకొనగా బొమ్మకన్న దాని నీడ వేగముగా పరుగిడుచుండెను. అందరును నీరుగారిపోయిరి. “అయితే బొమ్మ ఇల్లు చేరేసరికి పొద్దుగూకిందని చెప్పేద్దాం, మాస్టారూ,” అని ఒక బాలిక వెంటనే ఆరవ గడిలోని వాక్యమును తుడిచి వేరొకటి వ్రాసెను. తప్పును దిద్దుటకు అంతకన్న చౌకయైన ఉపాయమును నేనెన్నడును చూడలేదు.

తెల్లసున్నపు గోడపై ప్రదర్శన జరిగిన దినమున తాతగారును వచ్చిరి. తన ముఖము కనబడినప్పుడు కాదు, లక్క కనబడినప్పుడు ముందుకు వంగి, “ఇది మా పసుపు కాదర్రా, మా పసుపు ఇంత పాలిపోయి ఉండదు,” అనిరి. ఆ కొట్టులోని ట్యూబులైటు వెలుగులో తెలుపేదో నిర్ణయించుకొనుటలో పొరబడినది నేనే. కోటి చుక్కలుండియు ఒక్క పసుపును పట్టలేకపోతిని. మాస్టారు కంప్యూటరులో రంగు సరిచేయుదునని బయలుదేరెను గాని, పిల్లలు ఆగలేదు. మరునాడు బియ్యపు గదిలో, బస్తాల నడుమ, ఒక పిల్లవాడు పది లెక్కపెట్టి నాలోనికి ఇట్లు పలికెను: “ఈ సినిమాలో పసుపు తప్పుగా పడింది. అసలు పసుపు చూడాలంటే మా ఊరు రండి.”