గుర్రుకు మగపుట్టుక

నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు, అదే స్లీప్ ఆప్నియా, మగవాళ్ళ సొత్తని మన విశాఖ ఎప్పుడో తీర్మానించేసింది. సాక్ష్యం గట్టిదే మరి. ఉక్కు ఫ్యాక్టరీలో రాత్రి సి షిఫ్టు దిగొచ్చిన ఆయన పట్టపగలు గుర్రు మొదలెడితే ఉక్కునగరం క్వార్టర్సులో పక్కింటివాళ్ళు టీవీ సౌండు పెంచుకోవాలి. ఉన్నట్టుండి గుర్రు ఆగుతుంది, ఊపిరీ ఆగుతుంది. వంకాయలు తరుగుతున్న ఇల్లాలు కత్తిపీట వదిలేసి పరుగెత్తి తట్టి లేపుతుంది. ఇంకేం, డాక్టరుకు చెప్పడానికి కళ్ళారా చూసిన మనిషి సిద్ధం.

మరి ఆవిడకు ఊపిరి ఆగితే? చూడాల్సినాయన బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర నైట్ డ్యూటీలో ఉన్నాడు. ఇంట్లో ఉన్న రోజున ఆయన మోతలో ఆవిడది వినపడే యోగం లేదు. పైగా చాలామంది ఆడవాళ్ళలో ఈ జబ్బు గుర్రుగా కంటే నిద్ర పట్టకపోవడంగా, పొద్దుటి తలనొప్పిగా, ఓపిక లేకపోవడంగా, దిగులుగా బయటపడుతుంది. ఆ మాటే చెప్పుకుంటే దొరికే ప్రసాదం ఒకటే: రక్తం తక్కువ, టెన్షన్ తగ్గించుకోండి, ఈ వయసులో ఇంతేనమ్మా. వయసు మాట నిజమే సుమండీ, ముట్లుడిగాక ఈ ముప్పు పెరుగుతుంది. కానీ "ఇంతే" అన్నాక పరీక్ష దేనికి? నిద్రమాత్ర రాసిస్తే సరి. కొన్ని నిద్రమాత్రలు ఊపిరి ఆగడాన్ని ఇంకా పెంచొచ్చన్నది చిల్లర విషయం.

1993లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఉద్యోగులకు నిద్రపరీక్షలు చేస్తే, మగవాళ్ళలో 24 శాతం మందికీ ఆడవాళ్ళలో 9 శాతం మందికీ ఊపిరి ఆగుతోందని తేలింది. తొమ్మిదంటే సున్నా కాదు గదా!

ఈ జబ్బును పసిగట్టడానికి వాడే ప్రశ్నపత్రాలూ తక్కువ తినలేదు. స్టాప్-బ్యాంగ్ అనే దాంట్లో మగాడిగా పుట్టినందుకే ఒక మార్కు. పగటి కునుకుపాట్లను లెక్కేసే ఎప్‌వర్త్ కొలత, 1991లో ఆస్ట్రేలియాలో పుట్టింది, ఇంకా గమ్మత్తు. కూర్చుని చదువుతుంటే కునుకు పడుతుందా? కారులో గంటసేపు వెళ్తుంటే? మందు తాగకుండా భోంచేసి ఊరికే కూర్చుంటే? ఊరికే కూర్చోవడమా! గాజువాక ఇల్లాలు బిత్తరపోతుంది. జగదాంబ దాకా సిటీ బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి కునికితే ఎన్ని మార్కులో అందులో రాయలేదు.

అన్నీ దాటి డాక్టరు నిద్రపరీక్షే రాశారనుకోండి. ఆడవాళ్ళకు ఊపిరి ఆగడాలు ఎక్కువగా కలలొచ్చే నిద్రలోనే గుమిగూడతాయి. రాత్రంతటికీ సగటు తీస్తే అంకె చిన్నబోయి "మైల్డ్" అని రిపోర్టు వస్తుంది. అసలా రాత్రి ఆవిడ ఆస్పత్రిలో పడుకుంటే, తెల్లారి ఎ షిఫ్టుకి కేరేజీ ఎవరు కడతారట?