చెంప మీద చెరువులు

మా గణపవరం చుట్టుపక్కల వరిచేలన్నీ చేపల చెరువులవుతున్న రోజుల్లోనే నా చెంపలు కూడా అదే దారి పట్టాయి. పదో తరగతిలో మొలిచిన మొటిమలు డిగ్రీ దాకా పంట మీద పంట తీసి, పోతూ పోతూ గుంటలూ నల్లమచ్చలూ వదిలిపోయాయి. పెళ్ళిసంబంధాలకి అమ్మ ఫొటో పంపిస్తే అవతలివాళ్ళు "ఉద్యోగం మంచిదేనండి" అని ఊరుకునేవారు.

అందుకని ఇంట్లో వాడుకునే లేజరు తెప్పించాను. "గడ్డం గీసుకునే మిషనా నాయనా?" అంది అమ్మమ్మ. టార్చిలైటంత యంత్రం, దానికి తోడు నల్ల కళ్ళజోడు. అన్నాలయ్యాక ఆ జోడు తగిలించుకుని అరుగు మీద కూర్చున్నాను. బీప్‌మన్నప్పుడల్లా కాస్త పక్కకి జరపాలి, జరిపినప్పుడల్లా చురుక్కుమంటుంది. ఎదురింటి పిన్నిగారు గేటు దగ్గరే ఆగిపోయి, "అయ్యో, అబ్బాయికి అప్పుడే శుక్లాలా వదినా?" అని అమ్మని పరామర్శించింది. తెల్లారేసరికి బత్తాయిలు కూడా వచ్చాయి.

1960లో అమెరికాలో థియోడర్ మైమన్ కెంపుకడ్డీతో మొట్టమొదటి లేజరు వెలిగించినప్పుడు నా చెంపల గొడవ ఆయనకి తెలీదు. నా చెంపలకి దారి చూపించింది 2004లో మాన్‌స్టైన్, ఆండర్సన్ బృందం. చర్మమంతా కాల్చకుండా సూదిమొన చుక్కలుగా వేడి దింపి, మధ్యమధ్య మంచి చర్మాన్ని వదిలేస్తారు. ఆ మంచి చర్మమే పక్కనున్న చుక్కల్ని మాన్పుతుంది. అడుగున కొత్త కొల్లాజెన్ పుట్టి గుంట కొంత పూడుతుంది. కొంతే! అదీ డాక్టరు దగ్గరి పెద్ద మిషనుతో, విడతలు విడతలుగా. ఇళ్ళకి అమ్మేవాటికి బలం కావాలనే తగ్గిస్తారు.

తగ్గించడమే మనకి మంచిది లెండి. 1975లో ఫిట్జ్‌పాట్రిక్ అనే డాక్టరు మొదలుపెట్టిన లెక్కలో ఇప్పుడు చర్మాలు ఆరు రకాలు. మనవాళ్ళలో చాలామంది నాలుగో ఐదో. ఈ చామనచాయకి వేడి ఎక్కువైతే చర్మం కోపమొచ్చి నల్లరంగు గుమ్మరిస్తుంది. ఉన్న మచ్చ పోకపోగా కొత్తది చేరుతుంది.

యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఎండలో తిరగొద్దని రాసుంది. సరేనని చెరువుగట్టుకి టోపీ, సన్‌స్క్రీన్ లేకుండా వెళ్ళడం మానేశాను. నెలలు గడిచేసరికి మచ్చలు పలచబడ్డాయి. ఎండ తగలనీయకపోతే నల్లమచ్చలు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. గుంటలకి ఆ మర్యాద లేదు, ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఇక ఇంట్లో ఘనత పంపకాలు మొదలయ్యాయి. "నా సున్నిపిండి మహత్యం" అంది అమ్మమ్మ. "తాడేపల్లిగూడెంలో నేను కొనిచ్చిన సబ్బు బావా అది" అన్నాడు బావమరిది వరసవాడు. మందులషాపు కుర్రాడైతే, "నేనిచ్చిన క్రీమే కదండీ, ఆయ్" అన్నాడు. అది నేను మూత కూడా తియ్యలేదు. ట్యూబు మీద సన్నక్షరాల్లో స్టెరాయిడ్ అని ఉంది. రాస్తే ముందు ముఖం తెల్లబడుతుంది, తరవాత చర్మం పలచబడుతుంది, మానేస్తే మొటిమలు వడ్డీతో సహా తిరిగొస్తాయి. ఇలాంటి పూతమందులు కొన్నిటిని డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదని 2018లో ప్రభుత్వం ఉత్తర్వు కూడా ఇచ్చింది. అయినా అడక్కుండానే చేతిలో పెడతారు. పుచ్చుకోకండి.

లేజరు మాత్రం ఖాళీగా లేదు. రోజూ రాత్రి నాన్న మోకాలికి పెట్టుకుంటున్నారు. నొప్పి తగ్గిందంటున్నారు. అది ముఖానికి మాత్రమేనని ఇంట్లో ఎవరూ ఆయనతో అనలేదు.