నిజాం ఫౌజును బల్ల మీదికి ఎక్కించే విధానం

బొమ్మల సైన్యాలతో బల్ల మీద యుద్ధాలాడేవాళ్ళకు తీరని దుఃఖం ఒకటుంది: వేసిన రంగు ఆరేలోపే రూల్స్ మారిపోతాయి. 2023లో వార్‌హామర్ 40,000 పదో ఎడిషన్ వచ్చి, ఏ రకం దళం ఎన్ని పెట్టాలో చెప్పే పాత పట్టికను ఎత్తేసింది. ఒక్కో తుపాకీకి విడిగా పాయింట్లు కట్టే లెక్కను కూడా చాలావరకు తీసేసింది. సిపాయికి చౌక ఆయుధమిచ్చి పాయింట్లు మిగుల్చుకున్న పిసినారి సేనాపతులంతా ఒక్క పూటలో తెల్లమొహాలు వేశారు. రూల్స్ రాసేదీ బొమ్మలు అమ్మేదీ ఒకటే కంపెనీ, గేమ్స్ వర్క్‌షాప్. ఇందులో పాతబస్తీవాళ్ళు ఆశ్చర్యపోయేదేమీ లేదు. రూల్స్ రాస్తూ సిపాయిల్ని కూడా అమ్మే కంపెనీ మనకు 1798లోనే తగిలింది.

అందుకని మీ తొలి సైన్యంగా నిజాం అలీ ఖాన్ ఫౌజునే ఎంచుకోండి. చార్మినార్ దగ్గరి ఇరానీ హోటల్ బల్ల చాలదు, పెద్దది చూసుకోండి. పోగొట్టుకోబోయే జిల్లాలన్నీ దాని మీదే పట్టాలి.

మొదలుపెట్టడానికి 1795 ఎడిషన్ బాగుంటుంది. అందులో అమీర్ల రిసాలాలున్నాయి, ఏనుగులున్నాయి, జఫర్ పల్టన్ అనే ఆడవాళ్ళ పటాలం ఉంది. జనానాకు కాపలా కాసే ఆ తుపాకీ దళం ఖర్డా యుద్ధానికి కూడా వెళ్ళింది. ఖర్డాలో గెలిచింది మరాఠాలే అనుకోండి. ఆ సంగతి ఎదుటి ఆటగాడికి గుర్తుచేయకండి.

పాయింట్లన్నీ మాత్రం ఫ్రెంచి దొర రేమాండ్ మీద కుమ్మరించండి. ఆయన కవాతు నేర్పిన పటాలాల్లో దాదాపు 14 వేలమంది ఉండేవారు. ఫిరంగులు పోయించిన చోటు ఇప్పటికీ గన్‌ఫౌండ్రీయే. రంగులేసేటప్పుడు తొందరపడకండి. ఆ సిపాయిల కోటు గుండీల మీద ఫ్రెంచి విప్లవపు టోపీ గుర్తు ఉండేదని ఇంగ్లీషు దొరలు పనిగట్టుకుని రాసిపెట్టారు. మీ బొమ్మ ఎత్తు 28 మిల్లీమీటర్లు. దాని గుండీ ఆవగింజలో సగం కూడా ఉండదు. అయినా సరే, సన్నని కుంచె కొని ప్రతి గుండీ మీదా ఆ టోపీ దించండి. ఆఖరి గుండీ పూర్తయ్యాకే 1798 ఎడిషన్ తెరవండి.

ఆ మార్చిలో రేమాండ్ పోయాడు. సెప్టెంబరు 1న ఒప్పందం వచ్చింది: ఫ్రెంచి పటాలాలు రద్దు, వాటి చోట ఈస్టిండియా కంపెనీ సిపాయిలు 6,000 మంది, ఏటా కట్టాల్సింది 24,17,100 రూపాయలు. ఆ చివరి వంద చూశారా? పాయింట్ల పట్టిక రాసేవాడికి ఉండాల్సిన శ్రద్ధ అది. అక్టోబరు 22న ఛావణీని చుట్టుముట్టి, జీతాల బాకీల గొడవలో ఉన్న సిపాయిల చేత తుపాకులు కింద పెట్టించారు. పాచిక వేసే పని కూడా పడలేదు. ఇలా కాలం చెల్లిన దళాలను వార్‌హామర్‌లో లెజెండ్స్ అంటారు, అంటే ఇంట్లో సరదాగా ఆడుకోవచ్చు గాని పోటీలకు పనికిరావు. రేమాండ్‌కు ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద సమాధి దక్కింది. మీ బొమ్మలకు అటక దక్కుతుంది.

రెండేళ్ళకే, 1800 అక్టోబరులో, సవరణ వచ్చింది. మరో రెండు పటాలాలు, ఒక అశ్విక దళం కలిశాయి. నగదు ఇబ్బందిగా ఉందా, ఫరవాలేదు, నేల ఇవ్వండి అన్నారు. టిప్పు నుంచి నిజాం వాటాకు వచ్చిన బళ్ళారి, కడప సీమలు అలా చేతులు మారి దత్తమండలాలయ్యాయి. యుద్ధమొస్తే మీ సొంత కాల్బలం 6,000, గుర్రాలు 9,000 విడిగా తేవాలి. ఈ అద్దె దళాలను నేనే కదపవచ్చా అని కొత్తవాళ్ళు అడుగుతుంటారు. ఖర్చు మీది, బల్ల మీది, పాచిక వాళ్ళది.

తర్వాత రెసిడెంటు రస్సెల్ గారి దళం కొనండి. జీతాలిచ్చేది మీరు, ఆజ్ఞలిచ్చేది ఇంగ్లీషు అధికారులు. జీతాలు బాకీ పడితే కంపెనీయే అప్పిస్తుంది, అంతటి ఉదారత! 1853 మే 21న ఆ అప్పు కింద బీరారు రాసివ్వండి. ఈ ఎడిషన్‌లో 5,000 కాల్బలం, 2,000 గుర్రాలు, నాలుగు ఫిరంగి దళాలు, వెరసి కంటింజెంట్, మీ ఖర్చుతోనే ఉంటుంది, మీ సైన్యంలో మాత్రం లెక్కకు రాదు. 1902లో బీరారును ఏటా 25 లక్షలకు శాశ్వత కౌలుకిచ్చేయండి. ఆ మరుసటి ఏడే కంటింజెంట్ కూడా ఇండియన్ ఆర్మీలో కలిసిపోతుంది. నిజాం కొలువులోని అరబ్బు దళాల బొమ్మలను మాత్రం పారేయకండి. ఏ ఎడిషన్ వచ్చినా వాళ్ళ వారసులు చాంద్రాయణగుట్ట పక్కన బార్కస్‌లోనే ఉన్నారు.

ఇక స్కేలు సంగతి. రెసిడెన్సీ కోసం స్థలమడుగుతూ అప్పటి రెసిడెంటు కర్క్‌పాట్రిక్ పెద్ద పటం గీయించి తెస్తే నిజాం కాదు పొమ్మన్నాడని మాల్కం దొర చెప్పిన కథ ఒకటుంది. నవాబుగారు రాజ్యం మొత్తాన్నీ చూసేది కూడా ఆ సైజు పటంలోనే, కాస్త చిన్నది చేసి తెమ్మని మంత్రి సలహా ఇచ్చాడట. కార్డు ముక్క మీద గీసి చూపేసరికి స్థలం ఇచ్చేశారు. కోఠీలో ఆ భవనం ఇప్పటికీ ఉంది. కొత్త ఎడిషన్ బిల్లు ఇంట్లో చూపించాల్సి వచ్చినప్పుడు మీరూ ఇదే పద్ధతి పాటించండి: ఫోన్‌లో గోరంత ఫోటో చాలు. ఇంటావిడ రెండు వేళ్ళతో దాన్ని పెద్దది చేసి చూస్తే మాత్రం, కంపెనీతో మీకున్న ఏ రక్షణ ఒప్పందమూ అక్కడ వర్తించదు.