‘బోల్టు దయ’: టీకా తాత్పర్య సహితం

మూలం

“ఎనక స్ట్రట్లు రెండూ పోనాయి బాబూ. ఎక్కించడం గంట పని. దించడం బోల్టు దయ.”

అవతారిక

ఈ వాక్యత్రయం విశాఖపట్నంలో ఒకానొక షెడ్డులో, స్టాండ్ల మీద నిలబెట్టిన పాత హ్యుందాయ్ ఆక్సెంట్ కింద నుంచి వెలువడింది. వక్త మెకానిక్కు. శ్రోత బండి యజమాని. పదిహేనేళ్లు నిండి రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా చేయించుకున్న ఆ బండి, స్పీడ్ బ్రేకరు దాటిపోయాక కూడా వెనక ఊగుతూనే ఉందన్నది సందర్భం. కాళిదాస కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథ సూరిది మెదక్ జిల్లా కొల్చారం అంటారు. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఆయన ప్రతిజ్ఞ పట్టాడు. ప్రస్తుత వ్యాఖ్యాత మొదటి సగానికి కట్టుబడి ఉన్నాడు. తుప్పు ప్రకరణంలో అక్కర్లేని మాట అంటూ ఉండదు కనుక రెండో సగం జోలికి పోలేదు.

ప్రతిపదార్థం

ఎనక = డిక్కీ కింద, చక్రాలకు లోపలివైపు; స్ట్రట్లు = స్ప్రింగూ షాకబ్జార్బరూ ఒక్కటిగా కూర్చిన నిలువు కాళ్లు; రెండూ = కారుతున్నది ఒక్కటే అయినా, రెండూ; పోనాయి = సీలు అరిగి, ఆయిలు కారి, ఊపును ఆపే శక్తి కోల్పోయాయి; బాబూ = ఖర్చు పెట్టుకోవలసిన వాడా; ఎక్కించడం = కొత్తవి బిగించడం; గంట = షెడ్డు గంట; పని = కూలి; దించడం = పాతవి ఊడదీయడం; బోల్టు = స్ట్రట్టును హబ్బుకు పట్టి ఉంచేదీ, దానికి చుట్టాలైన లింకు బోల్టులూ; దయ = ఉండవచ్చు, లేకపోవచ్చు.

టీక

‘స్ట్రట్లు’: వీటి మూలపురుషుడు అమెరికా ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్. 1940లలో జనరల్ మోటార్స్‌లో ఒక చిన్న కారు కోసం ఈ అమరిక తలపెట్టాడు. 1947లో ఆ కారు తయారీని కంపెనీ విరమించుకుంది, ఆయన ఫోర్డుకు వెళ్లిపోయాడు. ఇంగ్లండులో తయారైన ఫోర్డు కాన్సల్, జెఫిర్ కార్లతో అది జనానికి పరిచయమైంది. వాడుకలో ముందు చక్రాలకే పరిమితమైన ఈ ఆలోచనను వెనక చక్రాలకు మళ్లించిన ఘనుడు లోటస్ కంపెనీ అధిపతి కోలిన్ చాప్‌మన్. 1957లో వచ్చిన లోటస్ ఎలీట్‌లో దీన్ని చూడవచ్చు. వెనక స్ట్రట్టుకు చాప్‌మన్ స్ట్రట్టన్న పేరు అలా వచ్చింది.

మామూలు షాకబ్జార్బరు ఊపును ఆపి ఊరుకుంటుంది. స్ట్రట్టు చక్రాన్ని నిటారుగా నిలబెట్టే భారం కూడా మోస్తుంది. అందుకే దాని బోల్టులు లావు, బిగింపు గట్టి.

‘రెండూ’: ఇది దుకాణదారుడి పక్షాన చెప్పిన మాట కాదు. ఒకవైపు కొత్తదీ, ఒకవైపు పాతదీ ఉంటే గతుకు మీద రెండు చక్రాలూ రెండు రకాలుగా కదులుతాయి.

‘బోల్టు’: సర్వార్థమూ ఇక్కడుంది. సముద్రపు గాలిలోని ఉప్పు తడితో కలిసి ఇనుమును తినే పనిని వేగిరపరుస్తుంది. పుట్టిన తుప్పు తాను తిన్న ఇనుము కన్నా రెండింతలకు పైగా చోటు అడుగుతుంది. మరల సందులో అంత చోటు లేదు. కాబట్టి నట్టునూ బోల్టునూ లోపలి నుంచే ఒరిసిపట్టి కూర్చుంటుంది.

అది మొదటి గండం. రెండోది, చక్రాన్ని బండి అడుగుకు కలిపే లింకు కడ్డీ చివరి బుష్‌లో ఉంటుంది. రబ్బరు బుష్ నడుమ ఒక ఇనప గొట్టం, దాని గుండా లింకు బోల్టు. ఏళ్ల తరబడి నీరు చేరి గొట్టమూ బోల్టూ ఏకశరీరమైపోతాయి. నట్టు సుఖంగా ఊడి వస్తుంది. యజమాని సంతోషిస్తాడు. పానా వేసి బోల్టును తిప్పితే రబ్బరు మెలిపడి, చెయ్యి తీయగానే బోల్టుతో సహా యథాస్థానానికి వచ్చేస్తుంది.

ఆక్షేపం: డబ్బాలోని డబ్ల్యూడీ-40 కొడితే చాలదా?

సమాధానం: 1953లో అమెరికాలోని శాన్ డియాగోలో ఆ ద్రవాన్ని తయారుచేసింది లోహం మీది తడిని తరిమి తుప్పు పట్టకుండా కాపాడడానికి. నలభైయో ప్రయత్నంలో కుదిరింది కనుక ఆ అంకె. పట్టేసిన మరల్లోకి దిగడానికి అంతకంటే చొరవ గల పెనిట్రేటింగ్ ఆయిళ్లు వేరే ఉన్నాయి. ఏది కొట్టినా ముందురోజే కొట్టి, రాత్రంతా నాననివ్వాలి.

‘దయ’: దీన్ని సంపాదించే క్రమం ఇది. బయటికి కనిపించే మరలను వైరు బ్రష్‌తో శుభ్రం చేయాలి. పన్నెండు మూలల పానా పక్కన పెట్టి, తలను ఆరు పలకలా పట్టే బాక్సు వేయాలి; లేకపోతే తల గుండ్రమై కథ మరో కాండకు పోతుంది. విప్పే ముందు ఒక వెంట్రుకవాసి బిగించి చూడాలి, తుప్పు పొర అక్కడ చిట్లుతుంది. తరువాత పిడికి తొడిగే పైపు. మీటరు పొడవు పైపు చివర 50 కిలోల బరువు వేస్తే దాదాపు 490 న్యూటన్ మీటర్ల టార్కు. అప్పటికీ కదలకపోతే గ్యాసు మంట. 12 మిల్లీమీటర్ల నట్టును 300 డిగ్రీల మేర వేడి చేస్తే దాని రంధ్రం పెరిగేది 0.04 మిల్లీమీటర్లే, కానీ తుప్పు పట్టు విడవడానికి చాలాసార్లు అదే చాలు. స్ట్రట్టు ఒంటికి మాత్రం మంట తగలరాదు: లోపల ఆయిలు, చాలావాటిలో ఒత్తిడితో నింపిన గ్యాసు ఉంటాయి. పెట్రోలు ట్యాంకూ బ్రేకు గొట్టమూ ఎంత దూరంలో ఉన్నాయో చూసుకోవడం మంట వెలిగించక ముందు పని.

‘ఎక్కించడం’: గంట పనే గాని, అందులో రెండు మెలకువలున్నాయి. స్ట్రట్టు నెత్తిన నడిమధ్యనున్న నట్టు స్ప్రింగును అణచి ఉంచుతుంది. స్ప్రింగును కంప్రెసరుతో బంధించకుండా దాన్ని విప్పితే మనిషి ప్రాణం మీదికి వస్తుంది. ఇక రబ్బరు బుష్‌ల బోల్టులను, బండి బరువు చక్రాల మీద పడ్డాకే తుది బిగింపు బిగించాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు నిరంతరం మెలిపడి ఉండి త్వరగా చీలుతుంది.

తాత్పర్యం

ఓ యజమానీ, నీ బండి వెనక స్ట్రట్లు రెండూ మార్చవలసి ఉన్నవి. కొత్త సామాను ధర చెప్పగలను, బిగించే కూలి చెప్పగలను. పాతవి ఊడదీసే కూలి మాత్రం ఊడదీశాక చెబుతాను. సాయంత్రానికి బండి కావాలని ఇప్పుడే అడగకు, అని భావము.

పాఠాంతరములు

కొన్ని షెడ్లలో “దించడం గ్యాసు దయ” అనీ, మరికొన్నింట “దించడం బ్లేడు దయ” అనీ పాఠాలున్నాయి. రెండో పాఠం ప్రకారం బుష్‌కు అటూ ఇటూ హ్యాక్సా బ్లేడుతో బోల్టును కోసేయాలి. అప్పుడు కొత్త బోల్టు, కొత్త బుష్, ఒక్కోసారి కొత్త లింకు కూడా బిల్లులో చేరతాయి కనుక ఈ పాఠం యజమానులకు సమ్మతం కాదు. ప్రస్తుత ఆక్సెంట్‌లో ఎడమ చక్రానికి మూలపాఠమే సరిపోయింది. కుడి చక్రానికి బ్లేడు పాఠం గ్రహించారు.